‘మీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టు కాదు: ఒక గ్రంథాలయ సంఘం తన మాటలు వెతుక్కున్న తీరు

గ్రంథాలయం వేళలు మార్చిన మూడు వారాలకు ఇద్దరు ఆడవాళ్లు రావడం మానేశారు. అంతకుముందు సాయంత్రం 5 నుంచి 8 దాకా తెరిచి ఉండేది. దాన్ని 6 నుంచి 9కి జరిపారు. పదో తరగతి పిల్లలు స్కూల్లో స్పెషల్ క్లాసులు అయ్యాకే వస్తారు కాబట్టి ఆ మార్పు సబబుగానే అనిపించింది. మీటింగులో పదకొండు మందినీ వరసగా అడిగాం. ఒక్కరూ కాదనలేదు. తీర్మానాల పుస్తకంలో ‘అందరి సమ్మతితో’ అని రాయించింది నేనే.

రావడం మానేసిన ఇద్దరిలో ఒకామె టైలరు, వారానికి రెండు రోజులు అక్కడ ఆడపిల్లలకు కుట్టు నేర్పుతుంది. వాళ్లింటికి వెళ్లి, మీరూ ఒప్పుకున్నారు కదక్కా, ఏమైంది అని అడిగాను. మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అంది: "నేనెక్కడ ఒప్పుకున్నా మేడం? మీ ఇష్టం అన్నా కదా."

మీటింగుల్లో ఎవరు ఏమన్నారో అన్న మాట అన్నట్టు రాసుకునే అలవాటు నాకుంది. ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. నిజమే. ఆమె ‘మీ ఇష్టం’ అంది. రెండో ఆమె ‘ఏదో సర్దుకుంటాంలెండి’ అంది. పుట్టి పెరిగిందంతా తెలుగులోనే. మా అమ్మ నోట ఆ రెండు మాటలూ వింటే వంటింట్లో ఏం జరుగుతోందో ఇట్టే తెలిసిపోయేది. మీటింగులో మాత్రం తెలియలేదు. ఎందుకంటే అక్కడ నేను తెలుగు వినడం లేదు, సమ్మతితో నిర్ణయాలు తీసుకోవడానికి ఇంగ్లీషులో నేర్చుకున్న పద్ధతికి టిక్కులు పెట్టుకుంటున్నాను.

సంస్థ పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఖమ్మం వైపు ఒక మండల కేంద్రం అనుకోండి. రెండు గదులు, ఒక వరండా, ఆరు బీరువాల పుస్తకాలు, మూడు కుట్టు మిషన్లు. గోడలు లేపింది కాలనీ వాళ్లే, ఆదివారాలు శ్రమదానం చేసి. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది. కమిటీలో పదకొండు మంది. వాళ్లలో రిటైర్డ్ హెడ్మాస్టరు, కిరాణా కొట్టాయన, ఆశా కార్యకర్త, తాపీ మేస్త్రీ, ఆటో నడిపే అన్న, డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తారు.

ఆ పద్ధతి నేర్పమని నన్ను పిలవడానికి కారణం ఓట్లు. చేతులెత్తి నిర్ణయాలు తీసుకునేవాళ్లు. ఆరుగురు ఇటు, ఐదుగురు అటు. ఓడిన ఐదుగురూ మీటింగులో ఏమీ అనరు, మర్నాడు పనికి రారు. పుస్తకాలకు అట్టలు వేసేది, వరండా కడిగేది ఎక్కువగా ఆ ఐదుగురే అయితే గెలిచిన ఆరుగురు ఏం చేసుకుంటారు?

పద్ధతి గురించి కొంచెం

సమ్మతితో నడిచే ఈ పద్ధతిని సోషియోక్రసీ అంటారు. ఆ మాటను 19వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కాంట్ పుట్టించాడు. పనిలో పెట్టి చూపింది మాత్రం నెదర్లాండ్స్ వాళ్లు. కేస్ బూకే అనే ఆయన 1926లో బిల్తోవెన్ అనే ఊళ్లో ఒక బడి పెట్టి, పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని బడి నియమాలు చేసుకునేలా నడిపాడు. ఆ బడిలో పిల్లల్ని విద్యార్థులు అనేవారు కాదు, పనివాళ్లు అనేవారు. టీచర్లు తోటి పనివాళ్లు. అంటే ఆయన కూడా మాటలు మార్చడం మొదట్లోనే చేశాడన్నమాట. ఈ సంగతి చాలా ఏళ్లుగా నాకు తెలుసు. దానివల్ల నేర్చుకోవాల్సింది మాత్రం నేర్చుకోలేదు. ఆ బడిలో చదివిన గెరార్డ్ ఎండెన్‌బర్గ్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు తర్వాత తమ కుటుంబ కంపెనీలో 1970ల్లో దీనికి స్పష్టమైన నియమాలు తయారుచేశాడు.

ఓటింగులో ఎంతమందికి నచ్చిందని లెక్కపెడతారు. ఏకాభిప్రాయం కావాలంటే అందరికీ నచ్చేదాకా కూర్చోవాలి. ఇక్కడ అడిగేది ఈ రెండూ కాదు. ‘దీనివల్ల మనం పెట్టుకున్న పని దెబ్బతింటుందని ఎవరైనా కారణంతో చెప్పగలరా?’ అని అడుగుతారు. చెప్పగలిగితే ప్రతిపాదనను సవరిస్తారు. చెప్పేవాళ్లు లేకపోతే చేసి చూస్తారు, ఫలానా తేదీన మళ్లీ చూసుకుంటారు. చిన్న చిన్న గుంపులు, గుంపుకీ గుంపుకీ మధ్య ఇద్దరేసి ప్రతినిధులు, పోటీ లేని ఎంపికలు. స్థూలంగా ఇంతే. మనకు దగ్గర్లో దక్షిణ తమిళనాడులో ఫాదర్ ఎడ్విన్ జాన్ పూనికతో నడిచిన ఇరుగుపొరుగు పార్లమెంట్లు, పిల్లల పార్లమెంట్లు ఈ దారిలోనివే. సుమారు 30 ఇళ్లకు ఒక సభ.

నేను మహిళా సంఘాలతో పదిహేనేళ్లు పనిచేశాక దీన్ని నేర్చుకున్నాను. కాబట్టి గుంపుల అమరిక నాకు కొత్త కాదు. మన దగ్గర పది పదిహేను మందితో సంఘం, దానిపైన గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య ఎప్పటినుంచో ఉన్నాయి. మాటల దగ్గరే బోల్తా కొట్టాను.

ముప్పై నాలుగు మాటల కాగితం

మొదటి నెలలో ఒక పదకోశం చేసి జిరాక్సు తీయించి అందరికీ పంచాను. సహేతుక అభ్యంతరం, వలయం, ద్వంద్వ అనుసంధానం, సహన పరిధి, అధికార క్షేత్రం, సమీక్షా కాలం. మొత్తం 34. రాత్రిళ్లు కూర్చుని చేశాను, గర్వంగానే ఉండేది. మీటింగులో హెడ్మాస్టరు గారొక్కరే శ్రద్ధగా చదివారు. ‘ద్వంద్వ’ కన్నా ‘యుగళ’ మేలేమో అని సవరణ కూడా చెప్పారు. ఆటో అన్న కాగితం అటూ ఇటూ తిప్పి, "మేడం, ఇది గ్రూప్ టూ సిలబస్సా?" అన్నాడు. అందరం నవ్వాం.

నవ్వి ఊరుకోవడం తప్పయింది. ఆ కాగితం ఎవరి నోట పలుకుతుందో వాళ్లే ఆ నెలంతా మాట్లాడారు. హెడ్మాస్టరు గారు, కిరాణా ఆయన, నేను. మిగతావాళ్లు, ఒప్పుకోవడమంటే ఈ మాటలకు తల ఊపడం అనుకున్నారు. వేళల మార్పు జరిగింది ఆ వాతావరణంలోనే.

టైలరక్క దగ్గర చీవాట్లు తిన్నాక ఆ కాగితాన్ని పక్కన పెట్టేశాను. తర్వాతి మూడు మీటింగుల్లో నేనేమీ నేర్పలేదు. ఒప్పుకునేటప్పుడు, ఒప్పుకోనప్పుడు, ఎటూ తేల్చుకోలేనప్పుడు వాళ్లు నిజంగా ఏమంటున్నారో మాత్రమే రాసుకున్నాను. మీటింగు అయ్యాక టీ కొట్టు దగ్గర అన్నవి కూడా. అసలు సరుకు అక్కడే దొరికింది.

ఒక్క ‘సరే’లోనే ఎన్నో రకాలు. ‘సరే’ వేరు, ‘సర్లే’ వేరు, ‘సరే మరి’ వేరు, ‘సరే సరే’ పూర్తిగా వేరు. ‘సరే కానీ’ అని ఆగిపోతే ఆ ‘కానీ’ తర్వాతిదే అసలు మాట. ‘అట్లనే కానీయండి’ అన్నాడంటే మేస్త్రీ ఆ రోజు అలిసిపోయాడని. ‘పెద్దలు మీరెట్లా అంటే అట్లా’ అంటే, తర్వాత ఏదైనా తేడా వస్తే నన్ను అడగొద్దు అని. ‘మీ ఇష్టం’ సంగతి చెప్పనే చెప్పాను. మౌనం అర్ధాంగీకారం అనే సామెత మనకు బాగా అలవాటు. ఈ కమిటీలో నేను చూసినంతవరకు మౌనం అర్ధ నిరాకరణ.

నాలుగో మీటింగులో ఈ జాబితా చదివి వినిపించాను. ఎవరన్నారో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఎవరికి వాళ్లు గుర్తుపట్టి ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకున్నారు. అప్పుడు అడిగాను: వీటిలో ఏ మాట వింటే మనం ముందుకు పోవచ్చు, ఏ మాట వింటే ఆగాలి?

ఇబ్బంది

ఈ కేసులో తేలిన అసలు విషయమేదైనా ఉందంటే అది ఈ ఒక్క మాట.

నా కాగితంలో ఉన్నది ‘అభ్యంతరం’. అది మనం పేపర్లో చూసే మాట. ‘ఈ స్థలం కొనుగోలుపై అభ్యంతరాలున్నవారు ఇన్ని రోజుల్లోగా తెలపాలి’ అని అడ్వొకేటు పేరుతో వచ్చే ప్రకటనల్లోది. కోర్టు వాసన వేస్తుంది. ఆశా కార్యకర్త తేల్చి చెప్పింది: "అభ్యంతరం అంటే ఎదురు తిరిగినట్టుంటుంది మేడం. ఇబ్బంది అంటే చెప్పుకోవచ్చు."

ఆలోచిస్తే మన వ్యవహారంలో సమ్మతి అడిగే మాట ఎప్పటినుంచో ఉంది. బస్సులో కిటికీ వేసే ముందు, పక్కింటి గోడకు నిచ్చెన ఆనించే ముందు, అద్దెకున్నవాళ్ల ఇంటికి చుట్టాలు దిగినప్పుడు మనం అడిగేది ‘మీకేం ఇబ్బంది లేదు కదా?’ అనే. ఇష్టమా అని అడగం. పక్కవాళ్ల గోడకు మన నిచ్చెన వేయడం వాళ్లకు ఎందుకు ఇష్టమవుతుంది? ఇబ్బంది లేకపోతే చాలు. ఎండెన్‌బర్గ్ చెప్పింది కూడా అచ్చంగా ఇదే. నేను దాన్ని సంస్కృతంలోకి మోసుకెళ్లి మళ్లీ తెలుగులో వెతుక్కున్నాను.

అయితే ఈ మాటతో ఒక చిక్కు వచ్చింది. ఎవరి ఇబ్బంది? వేళల విషయం మళ్లీ బల్ల మీదికి తెచ్చినప్పుడు కిరాణా ఆయన అన్నాడు, "రాత్రి తొమ్మిదికి ఇంటికి పోవడం వాళ్ల సొంత ఇబ్బంది కదా, సంస్థకేం సంబంధం?" పద్ధతి పుస్తకం ప్రకారం చూస్తే ఆయన అడిగింది న్యాయమే. అభ్యంతరం సంస్థ పనికి సంబంధించినదై ఉండాలి, సొంత ఇష్టాయిష్టాలకు కాదు. నేను ఒక్క క్షణం తడబడ్డాను. డిగ్రీ అమ్మాయి అందుకుంది: "కుట్టు నేర్పేది అక్క. అక్క రాకపోతే ఆ క్లాసు ఉండదు. అప్పుడది ఎవరి ఇబ్బంది అంకుల్?"

ఆడవాళ్లు చెప్పే ఇబ్బంది ఎప్పుడూ ‘సొంతం’ ఖాతాలోకే పోతుందని, మగవాళ్లు చెప్పేది ‘సంస్థ’ ఖాతాలోకి వస్తుందని నేను చాలా చోట్ల చూశాను. ఇక్కడ దానికొక ప్రశ్న పెట్టుకున్నాం. ‘దీనివల్ల ఏ పని ఆగుతుంది?’ ఎవరు ఇబ్బంది అన్నా ఈ ప్రశ్న అడగాలి. జవాబు వాళ్లొక్కరే వెతుక్కోనక్కర్లేదు, అందరూ సాయం పట్టాలి. టైలరక్క ఇంటి దారిలో వీధి లైటు లేని మలుపు ఒకటుంది. అది కుట్టు క్లాసు ఆపే మలుపు అని ఒప్పుకోవడానికి పావుగంట పట్టింది. చివరికి కుట్టు ఉన్న రెండు రోజులూ పాత వేళలు, మిగతా రోజులు కొత్త వేళలు. ఎనిమిది తర్వాత తెరిచి ఉన్న రోజుల్లో తాళం వేసే పని ఆటో అన్నది. ఇద్దరూ తిరిగొచ్చారు.

సర్దుకోవడం

నా పాత కాగితంలో ‘సహన పరిధి’ అని ఒకటుంది. అంటే, నాకు అంతగా నచ్చకపోయినా దీనితో పని చేయగలను అనే మేర. దానికి మామూలు తెలుగు ఏమిటని అడిగితే మగవాళ్లంతా ఒక్క గొంతుతో ‘సర్దుకుపోవడం’ అన్నారు. సరిగ్గా సరిపోయిందనిపించింది.

ఆడవాళ్లు నలుగురూ ఏమీ అనలేదు. అప్పటికి నాకు కొంచెం బుద్ధి వచ్చింది కాబట్టి ఆగాను. చుట్టు, అంటే ఒకరి తర్వాత ఒకరిని వరసగా అడిగే రౌండు, మళ్లీ తిప్పి ఈసారి వాళ్ల దగ్గరనుంచి మొదలుపెట్టాను. రెండో ఆమె, అప్పట్లో ‘సర్దుకుంటాంలెండి’ అన్నామె, చెప్పింది: "పెళ్లయిన కాడినుంచీ అందరూ నాకు చెప్పేది ఆ ఒక్క మాటే. ఇక్కడ కూడా అదే రాసి గోడకు పెడతారా?"

ఆ మాట గోడకెక్కింది, కానీ తలకిందులుగా. నియమం ఇలా రాసుకున్నారు: ఎవరైనా ‘సర్దుకుంటాను’ అంటే అది ఒప్పుకోలు కాదు. ‘ఏం సర్దుకోవాల్సి వస్తుంది?’ అని తప్పకుండా అడగాలి. అడిగాక కూడా ఆ మనిషి, ఇంతే, ఇది నేను చేయగలను అంటే అప్పుడు ముందుకు. ఒకరే మూడు మీటింగుల్లో మూడుసార్లు సర్దుకుంటుంటే ప్రతిపాదనలోనే ఏదో లోపముందని అర్థం చేసుకోవాలి. నచ్చకపోయినా పని చేయగలను అనడానికి మేస్త్రీ చెప్పిన మాట తీసుకున్నారు: ‘నడుస్తది’. ఇటుక ఒకటి కాస్త వంకరగా ఉన్నా గోడ నిలబడుతుందనుకున్నప్పుడు ఆయన అనే మాట అది.

కొంప మునగదు

‘ఇప్పటికి ఇది చాలు, చేసి చూస్తే ప్రమాదం లేదు’ అనేది ఈ పద్ధతిలో చాలా ముఖ్యమైన ఆలోచన. దీని తెలుగు కోసం కష్టపడాల్సిన పని లేకపోయింది. కంప్యూటర్లు పెట్టాలా వద్దా అని మల్లగుల్లాలు పడుతుంటే ఆటో అన్న విసుగ్గా, "పెట్టి చూద్దాం, కొంప మునుగుద్దా?" అన్నాడు. పేపరు మీద రాసేశాను. అప్పటినుంచి ప్రతి ప్రతిపాదన చివర్లో సభ నడిపేవాళ్లు అడిగే ప్రశ్న అదే: కొంప మునుగుతుందా?

అదే కంప్యూటర్ల దగ్గర ఈ మాటలన్నీ ఒకేసారి పనికొచ్చిన రోజు ఒకటుంది, కాస్త వివరంగా చెప్తాను. ఊరి నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఒకాయన నాలుగు కంప్యూటర్లకు డబ్బిస్తానన్నాడు. షరతు: గ్రంథాలయానికి వాళ్ల నాన్నగారి పేరు పెట్టాలి. ప్రతిపాదన హెడ్మాస్టరు గారు పెట్టారు. ముందు సందేహాల చుట్టు నడిచింది. కరెంటు బిల్లు ఎవరు కడతారు, పాడైతే ఎవరు చూస్తారు, అలాంటివి. తర్వాత ఇబ్బందుల చుట్టు.

ఆశా కార్యకర్త: ఇబ్బంది లేదు. డిగ్రీ అమ్మాయి: లేదు. కిరాణా ఆయన ఉందన్నాడు. ఏమిటంటే, ఆ ఇచ్చే ఆయన నాన్న అప్పట్లో తమ కొట్టులో బాకీ పెట్టి పోయాడట. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. ‘దీనివల్ల ఏ పని ఆగుతుంది?’ అని సభ నడుపుతున్న టైలరక్క అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "ఏ పనీ ఆగదులే. నాకు ఇష్టం లేదు, అంతే. రాసుకోండి" అన్నాడు. రాసుకున్నారు. ఇష్టం లేకపోవడాన్ని కూడా రాసుకోవాలనేది అప్పుడే పడిన అలవాటు. అది నిర్ణయాన్ని ఆపదు, కానీ మనిషి మాట పుస్తకంలో ఉంటుంది.

మేస్త్రీ వంతు వచ్చింది. ఇబ్బంది ఉందన్నాడు. "ఈ గోడలు లేపింది పన్నెండు మందిమి. పేరు అడగలేదు, పెట్టలేదు. రేపు వెనక గది కట్టాలంటే మళ్లీ మనుషులు రావాలి. డబ్బిచ్చినోళ్ల పేరు పైన పెడితే ఈసారి కూలి అడుగుతారు. అడగాలి కూడా." అది ఇష్టం కాదు, ఇబ్బందే. పని ఆగుతుంది. ఎవరూ వాదించలేదు. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, అయితే మాట మారుద్దాం అన్నారు. గ్రంథాలయానికి పేరు మారదు. కంప్యూటర్లు ఉండే బల్ల మీద ఆ పెద్దాయన పేరుతో చిన్న రేకు. గోడలు లేపిన పన్నెండు మంది పేర్లు గుమ్మం పక్కన. ఏడాది తర్వాత మళ్లీ చూద్దాం. కొంప మునుగుతుందా? డబ్బు రాకపోవచ్చు, అంతకుమించి మునిగేదేమీ లేదు. మొత్తం నలభై నిమిషాలు.

డబ్బు సగం వచ్చింది. రెండు కంప్యూటర్లు.

చిన్న మాటలు

రౌండు అనడం మానేసి ‘చుట్టు’ అన్నారు. ‘ఇంకో చుట్టు వేద్దామా?’ అనేది పిల్లల మీటింగుల్లో కూడా వినిపిస్తోంది. వలయం పోయి ‘జట్టు’ వచ్చింది. కమిటీ అంటే ప్రెసిడెంటు ఎవరని అడుగుతారు, జట్టు అంటే ఎవరెవరున్నారని అడుగుతారు. పుస్తకాల జట్టు, కుట్టు జట్టు, సాయంత్రం చదువు జట్టు.

‘సమీక్ష’ను నిర్ద్వంద్వంగా తోసిపుచ్చారు. ఆశా కార్యకర్తకు రివ్యూ అంటే టార్గెట్లు, నిలబెట్టి అడగడం. ఆ మాట వింటేనే టెన్షన్ అంది. దాని బదులు ‘మళ్లీ చూసే తేదీ’. తీర్మానాల పుస్తకంలో ప్రతి నిర్ణయం పక్కన ‘మ.చూ.’ అని రాసి తేదీ వేస్తారు.

జట్ల మధ్య తిరిగే ఇద్దరి విషయంలో మాటకన్నా అలవాటే అడ్డొచ్చింది. ఇక్కడి సంగతి పైకి, పైసంగతి కిందికి లీడరు ఒక్కరే మోయడం వాళ్లకు అలవాటు. రెండో మనిషి ఎందుకు, ఆమె మీద నమ్మకం లేదా అని అడిగారు. పైనుంచి వచ్చే మాట ఒకరు తెస్తారు, ఇక్కడి మాట ఇంకొకరు తీసుకెళ్తారు, ఒక్కరే అయితే ఎటువైపు మాట బరువైతే అటు ఒరుగుతారు అని చెప్పాక సరేనన్నారు. ఇది ఉత్తుత్తి సరే కాదు, అడిగి తేల్చుకున్నాను. వాళ్లకు ‘తెచ్చే మనిషి’, ‘తీసుకెళ్లే మనిషి’ అని పేర్లు. యుగళ అనుసంధానం కథ అలా ముగిసింది.

‘ఎన్నిక’ అనే మాట వాడకూడదని ముందే అనుకున్నాం. మన ఊళ్లలో ఆ మాట వెంట వచ్చేవేమిటో చెప్పక్కర్లేదు. ‘ఏకగ్రీవం’ ఇంకా ఇబ్బందికరం. మాటకు అక్షరాలా అర్థం ఒకే మెడ, వాడుకలో ఒకే గొంతు. కానీ సర్పంచి పదవి వేలంపాటలో పోయిందన్న వార్తలు విన్నవాళ్లకు ఆ ఒక్క గొంతు ఎవరిదో తెలుసు. వీళ్లు పెట్టుకున్న మాట ‘పని అప్పగించడం’. అందరూ చీటీ మీద ఒక పేరు, ఒక కారణం రాస్తారు, తర్వాత చదివి వినిపిస్తారు. విన్నాక పేరు మార్చుకోవచ్చు. లెక్కల పని అప్పగించేటప్పుడు మొదట ఆశా కార్యకర్తకే ఎక్కువ చీటీలు వచ్చాయి. ‘ఫోన్‌పేలో వచ్చినవి, చేతికి వచ్చినవి కలవకుండా రాస్తది’ అని డిగ్రీ అమ్మాయి గురించి ఒక చీటీలో ఉంది. ఆ కారణం విని ఐదుగురు మార్చుకున్నారు, అందులో ఆశా కార్యకర్త ఒకరు.

కుదరనివి

మాటలు మార్చినంత మాత్రాన మనుషుల హోదాలు మారవు. మొదటి కొన్ని నెలలు హెడ్మాస్టరు గారు ‘నాకు ఇబ్బంది లేదు’ అన్నారంటే ఆ తర్వాత ఎవరికీ ఉండేది కాదు. కమిటీలో నలుగురు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు. ఆయనకిది చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మేస్త్రీనే ఒకరోజు, "సార్, మీరు ముందు చెప్తే మాకు పరీక్ష పేపరు లీకైనట్టుంటది" అన్నాడు. అప్పటినుంచి చుట్టు కొత్తగా చేరినవాళ్లతో మొదలై సార్ దగ్గర ముగుస్తుంది. ఆయనకిది కష్టంగానే ఉంది. వంతు వచ్చేదాకా పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంటారు.

కిరాణా ఆయన ‘ఇబ్బంది’ని బ్రేకులా వాడటం మొదలుపెట్టాడు. రెండు నెలల్లో ఐదుసార్లు. ప్రతిసారీ ‘ఏ పని ఆగుతుంది?’కి ఏదో ఒక జవాబు సిద్ధంగా ఉండేది. దీనికి వాళ్లు పెట్టుకున్న నియమం: ఇబ్బంది చెప్పినవాళ్లు సవరణ వెతకడంలో కూడా కూర్చోవాలి, ఆ వారమే. ఐదు నుంచి ఒకటికి తగ్గింది. అలాగని ఆ ఐదింట్లో నిజమైనవి రెండైనా లేవని చెప్పలేను.

బ్యాంకుతో వేరే తలనొప్పి. బైలాస్‌లో మెజారిటీ అని ఉంది, బ్యాంకుకు ఎప్పటిలా తీర్మానం కాపీ కావాలి. ‘కొంప మునగదని తేలింది’ అని రాసిచ్చే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి ముందు చుట్లు నడుపుతారు, తేలాక చేతులెత్తి లెక్క రాసి, మామూలు భాషలో తీర్మానం రాస్తారు. రెండు పుస్తకాలు మోయడం ఇష్టం లేకపోయినా, బైలాస్ మార్చేదాకా నడుస్తది.

నేను చేసిన తప్పు ఇంకొకటి కూడా రాయాలి. గోడ మీది మాటల పట్టిక నేనే అందంగా రాయించి ఫ్రేము కట్టించాను. ఫ్రేములో ఉన్నదాన్ని ఎవరూ మార్చరు. మూడు నెలలపాటు దాని మీద ఒక్క దిద్దుబాటు లేదు. అద్దం తీసేయించి పక్కన పెన్సిలు కట్టాక ఒక్క నెలలో ఆరు మాటలు మారాయి.

ఇప్పుడు పట్టికలో పంతొమ్మిది మాటలున్నాయి. ఒక వరస మాత్రం ఖాళీ. ఒక జట్టు ఎవర్నీ అడగకుండా తనంతట తాను తేల్చుకోగలిగిన మేరకు ఏమనాలో ఇంకా తేలలేదు. నేను ‘పరిధి’ అన్నాను. ఆటో అన్న ఒప్పుకోలేదు. యాక్సిడెంటు కేసు రాయించడానికి వెళ్తే ‘మా పరిధి కాదు’ అని రెండు స్టేషన్ల మధ్య తిప్పిన రోజు ఆయనకు గుర్తుంది. ‘హద్దు’ అంటే మేస్త్రీకి అన్నదమ్ముల పొలం గొడవ. ‘బాధ్యత’ అంటే టైలరక్క, "అది చెయ్యాల్సిన పని. నేనడిగేది చెయ్యనిచ్చే పని" అంది. ‘పెత్తనం’ అని హెడ్మాస్టరు గారు నవ్వుతూ అన్నారు గానీ ఆ నవ్వు ఎవరికీ అంటలేదు.

పోయిన నెల వెళ్లినప్పుడు చూశాను. ఆ వరసలో పెన్సిలుతో ఎవరో ‘మన చేతిలోది’ అని రాశారు. పక్కన వేరే చేతిరాతలో చిన్న ప్రశ్నార్థకం. మ.చూ. అని రాసి తేదీ వేశారు.